"చేన్ల వడ్డది", "చేన్ల ఇడిసిండు": రెండూ ఒకటేనా?

హనుమకొండ నుంచి ప్రశ్న:
మాండలిక పదకోశానికి ఆరోపాలు (పదం, దాని అర్థం ఇచ్చే పద్దులు) రాస్తున్నం. ఊర్లె ఒకే సంగతిని రెండు తీర్ల చెప్తరు: "బర్రె చేన్ల వడ్డది", "బర్రెను చేన్ల ఇడిసిండు". కాగితం మీదికి వచ్చేసరికి రెండూ "పశువు పంటను నష్టపరచినది, యజమానికి జరిమానా విధించడమైనది" అయిపోతయి. పదకోశంల గూడ "పంట మేయు" అని ఒక్క అర్థం ఇస్తే సరిపోతదా?

పరకాల నుంచి:
సరిపోదు సార్. మొదటి మాటల కర్త బర్రె. రెండో మాటల కర్త మనిషి, బర్రె కర్మ. క్రియ మారంగనే పంచాయితి మారుతది. వడ్డదానికి నష్టం కట్టిచ్చి, "గొడ్డును మంచిగ కట్టేసుకో" అని మందలిస్తే అయిపోతది. ఇడిసినదానికి తప్పు (దండుగ) కట్టాలె. నష్టం చేను ఆసామికి పోతది, తప్పు పదిమందికి పోతది. జుర్మానా అనే ఉర్దూ మాట ఈ రెండోదానికే తగుతది, జుర్మ్ అంటేనే నేరం. వడ్డదానికి గూడ జుర్మానా అని రాస్తే లేని నేరాన్ని రాసినట్టు.

ఏది ఏదో తేల్చుకునే లెక్క గూడ ఉన్నది. ముందు పలుపు కొస చూడాలె. పీచు లేచి ఉంటే తెగింది, నున్నగ ఉంటే ముడి ఇప్పింది. గిట్టల జాడ కంప సందు కాడ అటు ఇటు తిరిగి లోపటికి వోయిందా, తీసిన కంప మీదికెల్లి సీదా వోయిందా? గొడ్డు పక్కన మనిషి అడుగులున్నయా? ఇయన్నీ ఆ పూటనే చూడాలె, తెల్లారి నీళ్లు పారిచ్చినంక జాడ ఉండదు.

నష్టం మాత్రం ఆ పూట లెక్కగట్టొద్దు. వరి పిలకల మీదున్నప్పుడు మేస్తే మల్ల చిగురిస్తది. పొట్టకొచ్చినంక మేస్తే ఆ కంకి పోయినట్టే. అందుకే కోతల దాక ఆగి పక్క మడి దిగుబడితోని పోల్చి కట్టుడు న్యాయం.

జనగామ నుంచి:
అన్నా, "ఇంట్ల దొంగలు వడ్డరు" అంటం కద. దొంగలు తెలియక వడ్డరా? "పడు" అంటే ఉద్దేశం లేనిదని ఎట్లంటవ్?

పరకాల నుంచి:
మంచి మాట పట్టినవ్ అక్కా. నేను రాసింది దిద్దుకుంట. "వడ్డరు" అన్నప్పుడు ఆ వాక్యం నష్టపోయినోళ్ల దిక్కు నిలబడి చెప్పేది: మా మీదికి వచ్చింది, ఇంత పోయింది అని. ఉద్దేశం "దొంగలు" అనే నామవాచకంల ఉన్నది, క్రియల లేదు. అంటే "చేన్ల వడ్డది" మనిషిని విడుదల చేయదు, నేరం మోపదు. విచారణ ఇంక కాలేదని చెప్తది, అంతే. "ఇడిసిండు" అన్నోడు రుజువు చూపాలె.

వేములవాడ నుంచి:
ఈ తేడా ధర్మశాస్త్రంలో స్పష్టంగా ఉంది. యాజ్ఞవల్క్య స్మృతి వ్యవహారాధ్యాయంలో (తగవులూ తీర్పుల భాగం) పంట మేసిన బర్రెకు 8 మాషాలు (పాతకాలపు చిన్న నాణేలు), ఆవుకు అందులో సగం, మేకకూ గొర్రెకూ ఆ సగంలో సగం దండుగ. మేసి అక్కడే పడుకుంటే రెట్టింపు. ఇక్కడి దాకా వట్టి పట్టికే. ఆ తర్వాత ఈ శ్లోకం:

పథి గ్రామవివీతాంతే క్షేత్రే దోషో న విద్యతే
అకామతః, కామచారే చౌరవద్దండమర్హతి

బాట పక్కన, ఊరి అంచున, మేత బీడు అంచున ఉన్న చేనిలో అనుకోకుండా పడితే దోషం లేదు. కావాలని మేపితే దొంగకు వేసే దండన. మన ఊరి మాటల్లో అకామతః అంటే "వడ్డది", కామచారే అంటే "ఇడిసిండు". తర్వాతి శ్లోకం ఇంకా ముందుకు పోతుంది: దేవుడికి వదిలిన పశువును, కొత్తగా ఈనినదాన్ని, దారి తప్పి వచ్చినదాన్ని విడిచిపెట్టమంటుంది. కోడె మొక్కు (రాజన్న గుడికి కోడెను సమర్పించే మొక్కు) ఉన్న మా వేములవాడ వాళ్లకు ఆ మొదటి మినహాయింపు విడమరిచి చెప్పనక్కర లేదు.

జనగామ నుంచి:
అదే చోట కాపరిని కొట్టాలె, యజమాని దండుగ కట్టాలె అని గూడ ఉన్నది కద సార్. డబ్బున్నోడికి డబ్బు, జీతగానికి దెబ్బలు. ఉద్దేశం చూసే శాస్త్రమే ఇక్కడ మనిషి అంతస్తును చూసింది. దీన్ని దాటేసి మంచి శ్లోకాలే ఎత్తుకుంటే ఎట్ల?

వేములవాడ నుంచి:
ఒప్పుకుంటున్నానమ్మా. "గోపస్తాడ్యః" అని సూటిగానే ఉంది. దాన్ని సమర్థించను. కావాలని చేసిందానికీ అనుకోకుండా జరిగిందానికీ గీసిన గీత వరకే నేను తీసుకుంటున్నా.

కరీంనగర్ నుంచి:
ఇప్పటి చట్టం ఇంకో వాకిలి నుంచి వస్తది. 1860 నాటి ఐపీసీ 95వ సెక్షన్, ఇప్పుడు భారతీయ న్యాయ సంహితల 33: మామూలు తెలివి, మామూలు స్వభావం ఉన్న మనిషి ఫిర్యాదు చేయనంత స్వల్పమైన హాని నేరం కాదు. కావాలని చేసినా సరే. మన క్రియ ఉద్దేశాన్ని అడుగుతది, ఈ సెక్షన్ హాని ఎంతని అడుగుతది. ఏదీ అడగకుంట గిట్ట పడ్డదా లేదా అని మాత్రమే చూస్తే ఏమైతదో 2019ల హుజూరాబాద్‌ల కనవడ్డది. నాటిన మొక్కలు మేసినయని రెండు మేకలను ఠాణాకు పట్టుకొచ్చిన్రు, యజమాని 1,000 రూపాయల జుర్మానా కట్టినంకనే విడిచిన్రు. మేకలు "అరెస్టు" అని పేపర్లల్ల వచ్చింది. అరెస్టు అనే మాట మనిషికి సంబంధించింది. మేక కర్తగ ఉన్న వాక్యంల దాన్ని పెట్టంగనే వాక్యమే ఎదురుతిరుగుతది.

హనుమకొండ నుంచి:
అందరికీ దండాలు. ఆరోపాలు ఇట్ల మార్చిన:

చేన్ల వడు (అకర్మకం, కర్త పశువు): కాపు లేక పంటలో చొరబడి మేయు. ఉద్దేశం గురించి ఏమీ చెప్పదు. "చేన్ల జొచ్చు" అని కూడా.
చేన్ల ఇడుచు (సకర్మకం, కర్త మనిషి): తెలిసి పశువును పరుల పంట మీదికి వదులు. ఆరోపణ.

"పడ్డది" అనేది "వడ్డది" అయ్యిందాన్ని గసడదవాదేశం (క, చ, ట, త, ప లు గ, స, డ, ద, వ లుగ మారుడు) కింద చూపించిన. వ్యాకరణం చెప్పినట్టు ప్రథమ మీదనే కాదు, మన దగ్గర సప్తమి మీద గూడ వినవడుతదని చిన్న గమనిక పెట్టిన.

పరకాల నుంచి:
"మేపు" గూడ చేర్చున్రి సార్. "చేను మేపిండు" అంటే పక్కన నిలబడి మేపినట్టు. ఇడిసినదానికంటె అది పెద్ద మాట.