ఉష్ణగ్రాహకం అయితే నాళిక ఎందుకు చల్లబడింది?

ప్రశ్న:
అందరికీ నమస్కారం. పదో తరగతి చదివే మా అమ్మాయి నిన్న నన్ను ఇరుకున పెట్టింది. బేరియం హైడ్రాక్సైడ్‌లో అమ్మోనియం క్లోరైడ్ కలిపితే పరీక్షనాళిక చల్లబడుతుందట. దాన్ని 'ఉష్ణగ్రాహక చర్య' అంటారట. "వేడిని గ్రహిస్తే వేడెక్కాలి కదా నాన్నా, చల్లబడటం ఏంటి?" అంది. నాకు జవాబు తోచలేదు. పదమే తప్పా? ఇంతకంటే మంచి మాట ఏదైనా ఉందా?

జవాబు:
పదం తప్పు కాదండీ, విగ్రహవాక్యం సగంలో ఆగిపోయింది. ఉష్ణాన్ని గ్రహించేది ఉష్ణగ్రాహకం, ద్వితీయా తత్పురుషం. గ్రహించేది చర్య. మరి ఎక్కడి నుంచి గ్రహిస్తోంది? ఆ మాట సమాసంలో లేదు, మనమే అడగాలి. మొదట ఆ మిశ్రమంలోని కణాల కదలిక నుంచే తీసుకుంటుంది. కణాలు మందగిస్తే మిశ్రమం చల్లబడుతుంది. ఆ తర్వాత గాజు నుంచి, దాన్ని పట్టుకున్న వేళ్ల నుంచి వేడిని లాగుతుంది. వేలికి చల్లగా తగిలిందంటే ఆ వేలు వేడిని పోగొట్టుకుంటోందన్నమాట. (నీటిలో కరిగే బేరియం సమ్మేళనాలు విషం. అమ్మాయి చేత ఇంట్లో చేయించకండి.)

మీ అమ్మాయి తికమకకు అసలు కారణం 'వేడి' అనే మాట. ఉష్ణానికీ వేడే అంటాం, ఉష్ణోగ్రతకూ వేడే అంటాం. ఉష్ణోగ్రతను విడదీసి చూపించండి: ఉష్ణ + ఉగ్రత, గుణసంధి. అంటే ఉష్ణం ఎంత తీవ్రంగా ఉందో చెప్పే కొలత. ఉష్ణం మాత్రం ఒకచోటి నుంచి ఇంకోచోటికి చేరే శక్తి, దాన్ని జౌళ్లలో కొలుస్తాం. గ్రాము నీటిని ఒక డిగ్రీ వేడి చేయడానికి సుమారు 4.18 జౌళ్లు కావాలి. చర్య శక్తిని తీసుకుంటూ ఉండగానే ఉష్ణోగ్రత పడిపోవడంలో వైరుధ్యం ఏమీ లేదు.

ఇంకొకరు:
చాలా బాగా చెప్పారు. వేడిని వెలువరించే చర్యను 'ఉష్ణమోచక చర్య' అంటారు కదా, ఆ పదం గురించి ఒక మాట కలుపుతాను. మోచనం, విమోచనం, విముక్తి, మోక్షం, అన్నీ 'ముచ్' ధాతువు నుంచి వచ్చినవే. మాట అందంగానే ఉంది. కానీ అది వినగానే పిల్లల మనసులో ఒక బొమ్మ పడుతుంది: పరమాణువులను కలిపి ఉంచే బంధంలో వేడి బందీగా ఉంది, బంధం తెగగానే బయటపడింది అని. బంధం, విముక్తి అనే జంట మన భాషలో అంత గట్టిగా పాతుకుపోయింది మరి. రసాయన శాస్త్రంలో జరిగేది దీనికి సరిగ్గా తలకిందులు. బంధం తెంచాలంటే మనం శక్తి పెట్టాలి. కొత్త బంధం ఏర్పడినప్పుడు శక్తి వెలువడుతుంది.

హైడ్రోజన్ మండటాన్నే చూడండి. రెండు మోల్‌ల హైడ్రోజన్, ఒక మోల్ ఆక్సిజన్ తీసుకుందాం (మోల్ అంటే కణాలను లెక్కపెట్టే ఒక స్థిరమైన పరిమాణం). హైడ్రోజన్ అణువులోని బంధానికి మోల్‌కు 436 కిలోజౌళ్లు, ఆక్సిజన్ అణువులోని బంధానికి 498. అన్నీ తెంచడానికి 1370 కిలోజౌళ్లు పెట్టాలి. రెండు మోల్‌ల నీటి ఆవిరిలో నాలుగు మోల్‌ల ఆక్సిజన్-హైడ్రోజన్ బంధాలు ఏర్పడతాయి. ఒక్కో మోల్‌కు 463 చొప్పున 1852 వెనక్కి వస్తాయి. మిగిలిన 482 కిలోజౌళ్లే మనకు మంటగా కనిపించే శక్తి.

పొరపాటంతా 'బంధ శక్తి' అనే సమాసం దగ్గర మొదలవుతుందని నా నమ్మకం. 'బంధం యొక్క శక్తి' అని షష్ఠిలో విప్పితే, అది బంధంలో దాచిపెట్టిన శక్తిలా వినిపిస్తుంది. నిజానికి అది బంధాన్ని తెంచడానికి కావలసిన శక్తి. 'బంధ విచ్ఛేదన శక్తి' అనే నిండు పదం పుస్తకాల్లో ఉంది. పలకడానికి పొడుగని మధ్యలో మాట వదిలేస్తున్నాం, దాంతో పాటే అర్థమూ జారిపోతోంది. పాఠం చెప్పేవాళ్లు కనీసం మొదటి పదిసార్లు నిండుగా పలికితే బాగుంటుంది.

ప్రశ్న అడిగినవారు:
ధన్యవాదాలండీ. ఇదంతా అమ్మాయికి చదివి వినిపించాను. ఉష్ణోగ్రతలో సంధి ఉందని తెలిసి తెగ సంబరపడింది. వెంటనే ఇంకో ప్రశ్న: "అంత శక్తి ఇచ్చేదైతే, హైడ్రోజన్, ఆక్సిజన్ కలిపిన సీసా తనంతట తానే ఎందుకు మండదు?"

జవాబు:
పైన లెక్కలో 1370 ముందు వచ్చింది, 1852 తర్వాత వచ్చింది, చూడమనండి. అన్ని బంధాలూ ఒకేసారి తెగక్కర్లేదు కానీ, కొన్నయినా ముందు తెగాలి. మామూలు గది ఉష్ణోగ్రతలో అణువులు ఢీకొన్నా ఆ దెబ్బ చాలదు. ఒక్క నిప్పురవ్వ తగిలితే కొన్ని తెగుతాయి. వాటి తర్వాత ఏర్పడే బంధాలు ఇచ్చే శక్తి పక్కవాటికి చాలిపోతుంది. ఆ మొదటి ఖర్చు పేరు ఉత్తేజన శక్తి. దీన్ని మాత్రం చతుర్థిలో విప్పమనండి: ఉత్తేజనం కొరకు శక్తి.