రక్తహీనతకు ఫోలిక్ ఆమ్లం ఒక్కటే సరిపోతుందా?

ప్రశ్న: ఫోలిక్ ఆమ్లం లోపించినా, విటమిన్ బి12 లోపించినా ఎర్ర రక్తకణాలు పరిమాణంలో పెద్దవై, సంఖ్యలో తగ్గుతాయని చదివాను. అలాంటప్పుడు ఫోలిక్ ఆమ్లం ఒక్కటే వాడితే సరిపోదా?

సమాధానం 1: సరిపోదండి, పైగా ప్రమాదం కూడా. డీఎన్‌ఏ తయారీలో ఈ రెండూ కలిసి పనిచేస్తాయి కాబట్టి, బి12 లోపం ఉన్నా ఫోలిక్ ఆమ్లం ఎక్కువగా అందితే రక్తహీనత తగ్గినట్టు కనిపిస్తుంది. కానీ నరాల చుట్టూ ఉండే మైలిన్ పొరకు బి12 తప్పనిసరి. ఆ లోపం లోలోపల కొనసాగి, పాదాల తిమ్మిర్లతో మొదలై, నడకలో తూలు, మతిమరుపు వరకూ వెళ్లవచ్చు. ఆలస్యమైతే ఈ నష్టం పూర్తిగా నయం కాకపోవచ్చు. అందుకే ముందు బి12 స్థాయి పరీక్షించుకోమని గట్టిగా కోరుతున్నాను.

సమాధానం 2: బి12 లోపానికి కారణం ఆహారమే కానక్కరలేదు. పెద్దలకు రోజుకు సుమారు 2.4 మైక్రోగ్రాములు చాలు, అయితే జీర్ణాశయం స్రవించే ఇన్‌ట్రిన్సిక్ ఫ్యాక్టర్ అనే ప్రొటీన్ లేకపోతే ఆ కొంచెమూ సరిగా ఒంటబట్టదు. మధుమేహానికి ఇచ్చే మెట్‌ఫార్మిన్ మందును ఏళ్ల తరబడి వాడేవారిలోనూ శోషణ తగ్గవచ్చు. కాలేయంలో నిల్వలు ఉంటాయి కనుక లోపం బయటపడటానికి ఏళ్లు పడుతుంది.

సమాధానం 3: ఒక్క సవరణ. గర్భం ధరించదలచిన స్త్రీలు, శిశువు వెన్నుపాము లోపాలను నివారించేందుకు, రోజుకు 400 మైక్రోగ్రాముల ఫోలిక్ ఆమ్లాన్ని ముందునుంచే తీసుకోవాలి. పై హెచ్చరిక చూసి దాన్ని మానవద్దు.