రెండు రౌటర్ల కింద ఉన్న కంప్యూటర్ల మధ్య ఫైళ్లు పంచుకోవడం ఎలా?

హైదరాబాదు మల్కాజిగిరిలో మాది రెండంతస్తుల ఇల్లు. కింది గదిలోని విండోస్ 10 డెస్క్‌టాప్, ఫైబర్ కనెక్షన్‌తో వచ్చిన రౌటరుకు కేబులుతో కలిసి ఉంది. స్లాబు దాటి వైఫై సరిగా అందనందువల్ల, ఆ రౌటరు నుంచి ఒక కేబులును పై అంతస్తులోని మరో రౌటరు వాన్ పోర్టుకు (బయటి నుంచి ఇంటర్నెట్ తీసుకునే పోర్టుకు) ఇచ్చి, విండోస్ 11 ల్యాప్‌టాప్‌ను దాని వైఫైకి కలిపాము. ఇంటర్నెట్ రెండింటిలోనూ బాగానే వస్తోంది.

ల్యాప్‌టాప్ నుంచి డెస్క్‌టాప్‌ను పింగ్ చేస్తే (అందుబాటులో ఉందో లేదో చిన్న సందేశం పంపి చూస్తే) జవాబు వస్తుంది, ఐపీ చిరునామా టైపు చేస్తే షేర్ చేసిన ఫోల్డరు కూడా తెరుచుకుంటుంది. కానీ డెస్క్‌టాప్ నుంచి ల్యాప్‌టాప్‌కు పింగ్ సైతం చేరదు, నెట్‌వర్క్ జాబితాలో ఒకదాని పేరు మరొకదానిలో కనిపించదు. రెండింటిలోనూ నెట్‌వర్క్ ప్రొఫైల్ ప్రైవేటుగానే ఉంది, ఫైర్‌వాల్‌ను కాసేపు ఆపి చూసినా మార్పు లేదు. డెస్క్‌టాప్ చిరునామా 192.168.1తోనూ, ల్యాప్‌టాప్‌ది 192.168.0తోనూ మొదలవుతున్నాయి కనుక, రెండో రౌటరు చేస్తున్న నాట్ (తన కింది పరికరాలన్నిటినీ ఒకే చిరునామా వెనుక ఉంచడం) వల్లనే దారి ఒకవైపే తెరుచుకుంటోందని నా అనుమానం.

పై రౌటరు పాతది, అందులో యాక్సెస్ పాయింట్ మోడ్ (మొదటి రౌటరు నెట్‌వర్క్‌నే వైఫైగా అందించే పద్ధతి) లేదు. దాని డీహెచ్‌సీపీని (పరికరాలకు ఐపీ చిరునామాలు పంచే పనిని) ఆపి, చిరునామాను 192.168.1.2గా మార్చి, కేబులును వాన్ పోర్టు నుంచి లాన్ పోర్టుకు (ఇంట్లోని పరికరాలను కలిపే పోర్టుకు) మారిస్తే సరిపోతుందా? కింది రౌటరు అదే చిరునామాను వేరొక పరికరానికి ఇవ్వకుండా ఏ సెట్టింగు మార్చాలి? పోర్ట్ ఫార్వార్డింగ్ (రౌటరుకు బయటి నుంచి వచ్చే అభ్యర్థనను లోపలి ఒక పరికరానికి మళ్లించడం) చేయమని ఒకరు సూచించారు గానీ, ఇంట్లోని రెండు యంత్రాల కోసం అంత అవసరమనిపించడం లేదు. వైఫై పేరు, పాస్‌వర్డ్ మార్చకపోతే పైనున్న టీవీ, ప్రింటరు వాటంతటవే కలుస్తాయో లేదో కూడా తెలిసినవారు దయచేసి చెప్పగలరు.