ఇనుము ‘భ్రాంత’మయ్యేదేంది?

కావలి కలం: ప్రహ్లాదుడి నోట పోతన పలికించిన తేటగీతి. “ఇనుము యస్కాంతసన్నిధి నెట్లు భ్రాంతమగు...” హరి సన్నిధిలో తన చిత్తం అట్లే భ్రాంతమై ‘కరఁగుచున్నది’ అంటాడు. ఇనుము అయస్కాంతం దిక్కు పోతుంది గానీ భ్రమించేదేంది?

పెన్నాతీరం: ముందు పాఠం చూసుకో అబ్బయ్యా. ఇనుము + అయస్కాంత, ఉత్వసంధి. ‘ఇనుమయస్కాంత’ అనుండాల. ఆ ‘ము’ యాడిది?

కావలి కలం: ఎట్లా చదివినా నగణం, తగణమే. యతి ఇ–ఎ. ఛందస్సుతో తేలదు.

అద్దంకి: సంస్కృత మూలంలో ‘భ్రామ్యతి’, అంటే తిరుగుతుంది. అయస్కాంతం దగ్గర సూది మొదట గిర్రున తిరిగి, ఆనక అంటుకుంటుంది.

ల్యాబు పిల్ల, నెల్లూరు: అద్దంకి అన్న చెప్పింది సగం. మావి 20 నానోమీటర్ల లోపు మాగ్నటైట్ (ఒక ఇనుప ఆక్సైడ్) కణాలు. దిక్కు మారే అయస్కాంత క్షేత్రంలో వీటికి రెండు తిరుగుళ్ళు. ద్రవంలో కణం మొత్తంగా తిరిగేది బ్రౌన్ పేరిటిది. క్యాన్సర్ కణితిలో ఇరుక్కుంటే కణం కదలదు, లోపలి అయస్కాంత దిశే తిరగబడుతుంది. అది లూయీ నీల్ పేరిటిది. రెంటిలోనూ వేడి పుడుతుంది. సెకనుకు లక్ష ఆవృత్తుల క్షేత్రం పెట్టి కణితిని 42–46 డిగ్రీలకు తెచ్చే వైద్యం దీనిమీదే నిలబడింది. క్షేత్రం తీసేస్తే అయస్కాంతత్వం మిగలదు, కణాలు ఒకదాన్నొకటి పట్టుకుని గడ్డకట్టవు. ఒళ్ళు కదలకుండా లోపల తిరిగేది చిత్తమేగా? నా ఓటు నీల్‌కి.

అద్దంకి: అయితే ‘కరఁగుచున్నది’ కూడా కుదిరింది. వేడికి!

పెన్నాతీరం: 46 డిగ్రీలకు ఇనుము కరిగేదుంటే మే నెలలో నెల్లూరు స్టేషన్లో పట్టాలుండవు. కరిగేది చిత్తం. అన్వయం చూడు సామీ.

ఒంగోలు గిత్త: సూదంటురాయి ఉండగా సంస్కృతం దేనికి? మన తిక్కన అయ్యుంటే తెలుగే వేసేవాడు.

పెన్నాతీరం: ‘సూదంటు’ తగణమే, సరిపోతుంది. ‘రాతి సన్నిధి నెట్లు’ దగ్గర గణం విరుగుతుంది. వేసి చూడు.

కొణిజేడు: సూదంటురాయి అంటే మా కొండలు గుర్తుకు రావాల. మాగ్నటైట్ క్వార్ట్‌జైట్, అంటే ఇనుప ఖనిజమున్న రాయి, మా దగ్గరే. గుండ్రాయికి దిక్సూచి ఆనిస్తే ముల్లు జరుగుద్ది.

ల్యాబు పిల్ల, నెల్లూరు: గుండ్రాయిలో అయస్కాంతత్వం నిలిచిపోతుంది అన్నా. మా కణాల్లో నిలవకపోవడమే గొప్ప. రెంటికీ ఒకే మాట చాలదు.

అద్దంకి: తిక్కనను తెచ్చారు, ఎర్రనను వదిలేశారు. ఎర్రనను పోషించిన ప్రోలయ వేమారెడ్డి కొలువు మా ఊళ్ళోనే. వర్ణనలో ఎర్రన ముందు...

పెన్నాతీరం: తిక్కన ముందా? నిర్వచనోత్తర రామాయణం మళ్ళీ చదివి రా, మాట్లాడదాం.

అద్దంకి: హరివంశం చదివినోళ్ళు అడగాల్సిన మాట కాదది.