ముర్రా గేదెలు: వ్యాపారి కొట్టంలో కొనాలా, రైతు గుమ్మంలోనా?

కొత్తపాడి:
ఐదు గేదెలతో పాడి మొదలుపెట్టాలి. హర్యానా నుంచి దించి ఇక్కడే కొట్టంలో కట్టి అమ్మే వ్యాపారి ఒకవైపు. రోహ్‌తక్, జింద్, హిసార్ వైపు పల్లెలకు వెళ్లి రైతు దగ్గరే కొనడం మరోవైపు. వ్యాపారి "నచ్చకపోతే నెలలోపు మార్చి ఇస్తా" అంటున్నాడు. ఏది మేలో కారణాలతో చెప్పండి.

గట్టుమీద_గడ్డి:
రైతు గుమ్మమే అన్నా. ఎన్నో ఈత, పోయిన ఈతలో ఎన్ని పాలిచ్చింది, ఈనాక ఎన్నాళ్లకు ఎదకొచ్చింది అనేవి అక్కడ ఇంట్లోవాళ్లతో పాటు పక్కింటివాళ్లకూ తెలుసు. తల్లి గేదె అదే కొట్టంలో ఉంటే దాని పొదుగూ చూడొచ్చు. వ్యాపారి దగ్గరికొచ్చేసరికి ఆ చరిత్రంతా తెగిపోతుంది.

పైగా కొట్టాల్లో పొద్దున పితక్కుండా ఆపి సాయంత్రం చూపిస్తారు. ముందురోజు సాయంత్రం నుంచి చేరిన 24 గంటల పాలు ఒక్క పూటవిగా లెక్కకొస్తాయి. 6 లీటర్ల పూట కనబడి ఇంటికొచ్చాక 3 అవుతుంది. ఇంకొకటి, పరాయి దూడను కట్టి "ఈని పది రోజులే" అంటారు. దూడ బొడ్డు చూడండి. బొడ్డుతాడు ఎండి రాలిపోయి పుండు పూర్తిగా మానిపోయుంటే అది పది రోజుల దూడ కాదు. గేదె దూడను నాకకుండా కాలితో తోసేస్తుంటే, ఇంజెక్షన్ లేనిదే పాలు చేపకపోతే, అది ఆక్సిటోసిన్‌కు (పాలు దించే హార్మోన్ మందు) అలవాటు పడ్డ గేదె అనుకోవాలి.

సంత_లెక్క:
ఆ మోసాలు రైతు గుమ్మంలో జరగవని ఎవరన్నారు? మనం వెళ్లేది దళారితో. ఊరూ భాషా కొత్త. తువ్వాలు కింద వేళ్లు పట్టి వాళ్లిద్దరూ తేల్చుకున్న ధర మనకు వేరే చెబుతారు. పూట ఆపడం రైతుకూ వచ్చు. అసలు మంచి గేదెను రైతు ఊరికే వదలడు. డబ్బు అవసరం లేకుండా అమ్మకానికి పెట్టాడంటే అది పొర్లే గేదో (చూడి కట్టక మళ్లీ మళ్లీ ఎదకొచ్చేది), ఒక చన్ను పోయిందో అయ్యుండొచ్చు.

దారి సంగతీ చూడండి. 1,500 కిలోమీటర్లకు పైనే. 1978 నాటి పశు రవాణా నియమాల ప్రకారం లారీకి ఆరు పశువులే, ప్రయాణానికి తగినదని పశువైద్యుడి సర్టిఫికెట్ ఉండాలి. దారిలో ఒకటి పడిపోతే నష్టం కొన్నవాడిది. వ్యాపారి దగ్గర ఆ ప్రయాణం అయిపోయి, మన నీళ్లు, మన గడ్డి మీద ఇస్తున్న పాలే మనం చూస్తాం.

చట్టం కూడా వ్యాపారినే ఎక్కువ బిగిస్తుంది. 1930 వస్తు విక్రయ చట్టం 16వ సెక్షన్‌లో, ఆ సరుకు అమ్మడమే వృత్తి అయినవాడు వర్ణన చెప్పి అమ్మితే నాణ్యత షరతు దానంతటదే వర్తిస్తుంది. ఎప్పుడో ఒక గేదె అమ్ముకునే రైతుకు అది లేదు.

గట్టుమీద_గడ్డి:
అదే సెక్షన్‌లో మెలిక కూడా చెప్పాలి కదా. కొనేవాడు చూసుకుని కొంటే, ఆ చూపులో దొరకాల్సిన లోపానికి షరతు వర్తించదు. చన్ను మూసుకుపోయిందని తర్వాత వాదించలేరు.

పశువైద్యం:
మీ ఇద్దరి వాదనలోనూ నెల గడువు గురించి ఎవరూ అడగలేదు. నెలలో బయటపడేవి పాల కొలత, పొదుగువాపు, తన్నే గుణం. ఇవి కొనే రోజే దొరుకుతాయి. ఖరీదైన లోపాలు నెల దాటాకే తెలుస్తాయి. ఈనిన గేదె మామూలుగా రెండు నెలలకు అటూఇటూ ఎదకొస్తుంది, గేదెల్లో మూగ ఎద (బయటికి గుర్తులు కనబడని ఎద) ఎక్కువ. అంటే పొర్లే గేదె అని తెలిసేసరికి నాలుగైదు నెలలు. బ్రూసెల్లా అనే అంటురోగమైతే చూడి చివరి నెలల్లో ఈసుకుపోయినప్పుడే కనబడుతుంది. పచ్చిపాల ద్వారా, పడిపోయిన పిండాన్ని ముట్టుకోవడం ద్వారా మనుషులకూ అంటుకుంటుంది. మార్చి ఇచ్చే గేదె కూడా ఇంకెవరో వెనక్కి ఇచ్చిందే కావచ్చు.

అందుకే ఎక్కడ కొన్నా వరసగా మూడు పూటలు ఎదురుగా ఉండి పితికించండి. మొదటి పూట పూర్తిగా పిండించి లెక్క వదిలేయండి. తర్వాతి రెండు పూటలే రోజు పాలు. నురగతో కాకుండా కాటాతో తూయండి, లీటరు దాదాపు 1.03 కిలోలు. బిందె ముందు బోర్లించి చూడండి. నాలుగు చన్నుల పాలూ విడివిడిగా నల్లటి పళ్లెంలో పిండితే గడ్డలు, నీళ్లలాంటి పాలు కనబడతాయి. పాలలో కలిపి చూసే కాలిఫోర్నియా మాస్టిటిస్ టెస్ట్ ద్రావణం ఉంటే దాగిన పొదుగువాపు కూడా తెలుస్తుంది. ఈనిన మొదటి ఐదు రోజుల జున్నుపాలతో ఏదీ తేల్చకండి.

కొమ్ముల వలయాలు నమ్మొద్దు, ఆకురాయితో అరగదీస్తారు. కింది పళ్లు చూడండి. ఎనిమిదీ పెద్దవై అరుగుదల లేకపోతే ఐదారేళ్లు, అంటే రెండో ఈత దాకా, మంచి వయసు.

సంత_లెక్క:
డాక్టరు గారూ, బ్రూసెల్లా సంగతి ఒప్పుకుంటా. రక్తపరీక్ష ఫలితం వచ్చేదాకా ఆగమంటే వ్యాపారి వేరేవాడికి అమ్మేస్తాడు కదా?

పశువైద్యం:
బయానా ఇచ్చి కాగితం రాయించుకోండి. 12 అంకెల చెవి పోగు నంబరు, ఈత సంఖ్య, రెండు పూటల తూకం, "రక్తపరీక్షలో బ్రూసెల్లా తేలితే బయానా తిరిగి ఇస్తాను" అనే మాట అందులో ఉండాలి. బ్రూసెల్లాకు చేసే రోజ్ బెంగాల్ రక్తపరీక్ష నిమిషాల్లో అయ్యేదే, ల్యాబుకు రక్తం చేరడమే ఆలస్యం. అయితే దూడప్పుడు బ్రూసెల్లా టీకా వేసిన గేదెలో అది పొరపాటున పాజిటివ్ చూపొచ్చు, అలాంటప్పుడు ఎలీసా అనే మరో రక్తపరీక్ష చేయించాలి. సంతకం పెట్టనంటే ఆ కొట్టం వదిలేయండి.

కొట్టంలో పది ఊళ్ల పశువులు కలిసి ఉంటాయి కాబట్టి ఇంటికి తెచ్చాక 30 రోజులు పాత పశువులకు దూరంగా, వేరే బకెట్‌తో, వేరే మనిషితో చూడండి. రైతు దగ్గర కొంటే గాలికుంటు టీకా లారీ ఎక్కే 3 వారాల ముందే వేయించమనండి, దింపాక వేస్తే ప్రయాణంలో రక్షణ ఉండదు.

గట్టుమీద_గడ్డి:
ఐదు గేదెలకు నా లెక్క ఇంకా మారలేదు. రైతు దగ్గరే, కానీ పితికే మనిషిని ఇక్కణ్నుంచి వెంట తీసుకెళ్లండి. దూడలూ అదే లారీలో రావాలి. దూడ అక్కడే ఉండిపోతే చాలా గేదెలు చేపవు, అప్పుడు మీరూ ఇంజెక్షన్ పట్టుకోవాల్సి వస్తుంది.