ఫోన్ నంబరే వైఫై పాస్‌వర్డ్‌గా పెట్టి వెళ్లారు, ఇప్పుడేం మార్చాలి?

ప్రశ్న (రాజమహేంద్రవరం నుంచి)

నమస్కారమండి. ఈమధ్యే ఇంట్లో ఫైబర్ నెట్ పెట్టించాం. కేబుల్ అబ్బాయి వచ్చి బాక్సు గోడకు బిగించి, వైఫైకి నాన్నగారి పేరు, పాస్‌వర్డ్‌కి నాన్నగారి ఫోన్ నంబరు పెట్టి వెళ్లాడు. "ఇదైతే మీకు గుర్తుంటుందండీ" అన్నాడు. పై పోర్షన్‌లో అద్దెకున్నవాళ్లు, పక్కనే హాస్టల్. రాత్రి ఎనిమిది దాటితే నెట్ నత్తనడక నడుస్తోంది. రౌటర్ పేజీలో చూస్తే మావి కాని ఫోన్లు నాలుగైదు కనిపించాయి. తమ్ముడు ఇంటి నుంచే ఆఫీసు పని చేస్తాడు. నాన్నగారు పెన్షన్ వచ్చిందో లేదో బ్యాంకు యాప్‌లోనే చూసుకుంటారు. గేటు దగ్గర సీసీ కెమెరా కూడా ఈ వైఫైకే ఉంది. టెన్షన్‌గా ఉంది. పాస్‌వర్డ్ మారిస్తే సరిపోతుందా?

జవాబు

ముందు బ్యాంకు సంగతి చెప్తానండి, కొంత భయం తగ్గుతుంది. బ్యాంకు యాప్‌లు తమ సమాచారాన్ని తామే గుప్తంగా మార్చి పంపుతాయి. ఎవరైనా మీ వైఫైలో చేరినంత మాత్రాన నాన్నగారి ఖాతా చదవలేరు. ప్రమాదమంతా వేరేచోట ఉంది. లోపలికొచ్చినవాళ్లకు మీ కెమెరా అందుబాటులోకి వస్తుంది, రౌటర్ సెట్టింగుల పేజీ కూడా వస్తుంది. ఆ పేజీకి ఇంకా 'అడ్మిన్, అడ్మిన్' అనే పాత జోడీయే ఉంటే, డీఎన్‌ఎస్ చిరునామా (సైటు పేరు కొడితే అది ఎక్కడుందో చెప్పే సర్వర్‌ది) మార్చి మిమ్మల్ని నకిలీ సైట్లకు మళ్లించొచ్చు.

ఇంకోటి, మీ కనెక్షన్ మీద ఎవరేం చేసినా పోలీసులు ముందు వచ్చేది మీ గుమ్మంలోకే. 2008 జూలై 26న అహ్మదాబాద్ పేలుళ్లప్పుడు ఉగ్రవాదులు పంపిన ఈమెయిల్ నవీ ముంబైలో ఓ విదేశీయుడి ఇంటి వైఫై నుంచి వెళ్లినట్టు తేలింది. ఆయనకు ఆ కుట్రతో ఏ సంబంధమూ లేదు. వైఫైకి సరైన కాపలా లేదు, అంతే. అయినా పోలీసుల విచారణ తప్పలేదు.

ఇప్పుడు ఫోన్ నంబరు సంగతి. ఇది మన ఊళ్లలో ఇంటింటా ఉన్న జబ్బు, అందుకే కాస్త వివరంగా రాస్తున్నాను. ఫోను వైఫైలో చేరేటప్పుడు రౌటర్‌తో నాలుగు సందేశాలు ఇచ్చిపుచ్చుకుంటుంది. డబ్ల్యూపీఏ2 అనే వైఫై భద్రతా పద్ధతిలో వాటిని పక్కింట్లో కూర్చుని కూడా పట్టుకోవచ్చు. అవి దొరికాక అవతలివాడికి మీ రౌటర్‌తో పనిలేదు. తన కంప్యూటర్‌లో ఒక్కో పాస్‌వర్డూ వేసి తీరిగ్గా సరిచూసుకుంటాడు. మన మొబైల్ నంబర్లు 6, 7, 8, 9 అంకెలతోనే మొదలవుతాయి కాబట్టి ఎన్ని రకాలుగా చూసినా 400 కోట్లు దాటవు. మంచి గేమింగ్ గ్రాఫిక్స్ కార్డు సెకనుకు పది లక్షలకు పైగా సరిచూస్తుంది. అంటే అన్నీ చూసేయడానికి 4,000 సెకన్లు చాలు, గంటా పది నిమిషాల లోపే. పుట్టినతేదీలాంటి ఎనిమిదంకెలదైతే రెండు నిమిషాలు కూడా పట్టదు. మీ నంబరు తెలిసినవాడికైతే ఆ కష్టం కూడా లేదు.

కాబట్టి ఒకదానికొకటి పొత్తు లేని నాలుగైదు తెలుగు మాటలు తీసుకుని ఇంగ్లీషు అక్షరాల్లో పెట్టండి. నిచ్చెన, తాబేలు, గొళ్లెం, పనస... ఇలాంటివి. (ఇవే పెట్టకండి, ఇక్కడ రాసేశాను కదా.) పేపరు ఎక్కడో ఒకచోట తెరిచి కంటికి తగిలిన మాట తీసుకుంటే ఇంకా మంచిది. దేవుడి పేరు, హీరో పేరు, వెనక 123 తగిలించడం వద్దు. 63 అక్షరాల దాకా పెట్టుకోవచ్చు, 20 దాటితే చాలు. పెద్దవాళ్లు కూడా ఒకసారి చెబితే గుర్తుపెట్టుకుంటారు.

మార్చడానికి ఫోన్ వైఫై వివరాల్లో 'గేట్‌వే' అని ఉన్న చిరునామా బ్రౌజర్‌లో కొట్టండి. చాలా ఇళ్లలో 192.168.1.1 ఉంటుంది. లాగిన్ వివరాలు బాక్సు అడుగున స్టిక్కరు మీద ఉంటాయి. సెక్యూరిటీలో 'డబ్ల్యూపీఏ2-పీఎస్‌కే, ఏఈఎస్' గానీ, ఉంటే దానికన్నా కొత్తదైన 'డబ్ల్యూపీఏ3' గానీ ఎంచుకోండి. టీకేఐపీ అని ఉన్నది వద్దు. అది పాతబడింది, పైగా దానివల్ల వేగం 54 ఎంబీపీఎస్ దగ్గరే ఆగిపోతుంది. పాస్‌వర్డ్ కొట్టకుండా బటన్‌తోనో పిన్‌తోనో చేరనిచ్చే డబ్ల్యూపీఎస్ కనిపిస్తే ఆపేయండి. దాని ఎనిమిదంకెల పిన్‌ను రౌటర్ రెండు ముక్కలుగా సరిచూస్తుందనీ, 11,000 ప్రయత్నాల్లో దొరికిపోతుందనీ 2011లోనే బయటపడింది.

అదే పూట అడ్మిన్ పాస్‌వర్డ్ కూడా మార్చాలి. వైఫై పాస్‌వర్డ్ వీధి తలుపు తాళం అనుకుంటే ఇది బీరువా తాళం, రెండూ ఒకటే కాకూడదు. ఇంటి బయటి నుంచి కూడా రౌటర్ సెట్టింగులు తెరవనిచ్చే 'రిమోట్ మేనేజ్‌మెంట్' ఆన్‌లో ఉంటే ఆపండి. 2016లో మిరాయ్ అనే వైరస్ లక్షల కెమెరాల్లో, రౌటర్లలో దూరింది ఫ్యాక్టరీ పాస్‌వర్డ్‌లు మార్చకపోవడం వల్లే. మీ కెమెరా యాప్‌లో కూడా ఈ సంగతి చూసుకోండి.

ఒక్క హెచ్చరిక. ఎక్కడైనా చిక్కుపడితే బాక్సు వెనక సన్న రంధ్రంలో ఉండే రీసెట్ బటన్ నొక్కేయకండి. ఆపరేటర్ వేసిన లాగిన్, లైను సెట్టింగులు చెరిగిపోయి నెట్టే ఆగిపోవచ్చు. మళ్లీ వాళ్లు వచ్చేదాకా తమ్ముడికి ఆఫీసు ఉండదు.

మరొకరు

అన్నా, ఇదంతా ఎందుకు? వైఫై పేరు దాచేసి, మ్యాక్ ఫిల్టర్‌లో ఇంట్లోవాళ్ల ఫోన్లు మాత్రమే పెడితే పోదా?

జవాబు

పోదు తమ్ముడూ. పేరు దాచినా, ఫోన్ చేరే ప్రతిసారీ ఆ పేరు గాల్లోకి వెళ్తూనే ఉంటుంది, వెతికేవాడికి దొరుకుతుంది. మ్యాక్ చిరునామా, అంటే ఒక్కో పరికరం వైఫైకి చూపించే గుర్తింపు సంఖ్య, కూడా అంతే. పాస్‌వర్డ్ లేకుండానే చూడొచ్చు, తన పరికరానికి అదే పెట్టుకోవచ్చు. పైగా ఆండ్రాయిడ్ 10 నుంచి, ఐఫోన్‌లో ఐఓఎస్ 14 నుంచి ఫోన్లు ప్రతి వైఫైకీ కొత్త మ్యాక్ చూపిస్తాయి. వైఫై పేరు మార్చిన రోజున మీ ఫిల్టర్ మీ ఇంట్లోవాళ్లనే బయట నిలబెడుతుంది. ఆ శ్రమ పాస్‌వర్డ్ మీద పెట్టడం మేలు.

అయితే వైఫై పేరులోంచి నాన్నగారి పేరు మాత్రం తీసేయండి. ఆ సిగ్నల్ ఏ ఇంటిదో హాస్టల్ మొత్తానికీ చెప్పాల్సిన పని లేదు.

ప్రశ్న అడిగినవారు

చాలా థాంక్సండి. రాత్రే కూర్చుని అన్నీ మార్చాం. కొత్త ఫోన్లు, టీవీ చేరాయి. కెమెరా, అమ్మ పాత ట్యాబు మాత్రం ఎంతకీ చేరడం లేదు. పైవాళ్లు కూడా అడుగుతున్నారు. పాప ఆన్‌లైన్ క్లాసు ఉందట, కాదనడానికి మనసొప్పడం లేదు.

జవాబు

బహుశా డబ్ల్యూపీఏ3 ఒక్కటే ఎంచుకుని ఉంటారు. 2018కి ముందువైతే ఆ పద్ధతి అర్థం కాకపోవచ్చు. 'డబ్ల్యూపీఏ2/డబ్ల్యూపీఏ3' కలిపి ఉన్నది పెట్టండి. కెమెరా అప్పుడూ చేరకపోతే 2.4 గిగాహెర్ట్జ్ బ్యాండ్ ఆన్‌లో ఉందో లేదో చూడండి. చౌక కెమెరాలు చాలావరకు 5 గిగాహెర్ట్జ్ అందుకోలేవు.

పాప సంగతికి దారి ఉంది. రౌటర్‌లో 'గెస్ట్ నెట్‌వర్క్' వెతకండి. దానికి వేరే పేరు, వేరే పాస్‌వర్డ్ పెట్టి, గెస్టులకు ఇంటి నెట్‌వర్క్ కనిపించకుండా చేసే ఆప్షన్‌కి టిక్ పెట్టండి. పైవాళ్లకు అదివ్వండి. వేగానికి పరిమితి పెట్టే వీలుంటే పెట్టండి, తమ్ముడి మీటింగ్ ఆగదు. కెమెరాను కూడా ఆ గెస్ట్‌లోనే వేయడం నాకిష్టం. దాంట్లో ఎవరైనా దూరినా ఇంటి కంప్యూటర్ జోలికి రాలేరు. కాకపోతే ఇంట్లో ఫోన్ నుంచి నేరుగా చూసే కొన్ని యాప్‌లు అప్పుడు పనిచేయవు, ఇంటర్నెట్ మీదుగా చూపించేవైతే ఇబ్బంది లేదు.

పైవాళ్లకు క్యూఆర్ కోడ్ పంపితే పాస్‌వర్డ్ చెప్పాల్సిన పనిలేదని కొందరంటారు. ఆ కోడ్‌లో పాస్‌వర్డ్ ఉన్నదున్నట్టే ఉంటుంది, ఎవరు స్కాన్ చేసినా చదువుకోవచ్చు. ఇంటి నెట్‌వర్క్ కోడ్ మాత్రం వాట్సాప్ గ్రూపుల్లో పెట్టకండి.

ఇంకొకరు

సర్, మా బాక్సులో లాగిన్ అయితే వైఫై పేరు, పాస్‌వర్డ్ తప్ప ఏమీ మార్చనివ్వడం లేదు. గెస్ట్ కూడా లేదు. ఆపరేటర్‌ని అడిగితే "మీకెందుకు సార్" అంటున్నారు.

జవాబు

అలాంటప్పుడు సొంత రౌటర్ కొనుక్కోండి. ఫైబర్ బాక్సులోని లాన్ పోర్టు నుంచి మీ రౌటర్ వాన్ పోర్టుకు ఒక కేబుల్ వేసి, బాక్సు వైఫై ఆపేయండి లేదా ఆపించండి. ఇక మీ ఇంటి తాళాలన్నీ మీ చేతిలోనే ఉంటాయి. రెండు రౌటర్లు ఒకదాని వెనక ఒకటి ఉండటం వల్ల కొన్ని ఆన్‌లైన్ గేములు మాత్రం పేచీ పెట్టొచ్చు. కొనేటప్పుడు డబ్ల్యూపీఏ3, గెస్ట్ నెట్‌వర్క్, ఫర్మ్‌వేర్ (రౌటర్ లోపలి సాఫ్ట్‌వేర్) ఆటో అప్‌డేట్ ఉన్నాయో లేదో అడిగి తీసుకోండి. పెట్టె మీద బొమ్మలో ఎన్ని యాంటెనాలున్నాయన్నది వాటి తర్వాతే.

పాత రౌటర్ ఎవరికైనా ఇచ్చేస్తున్నా, ఎక్స్ఛేంజ్‌లో వేస్తున్నా, అప్పుడు మాత్రం ఆ రీసెట్ బటన్‌ను పది పదిహేను సెకన్లు నొక్కి పట్టుకోండి. మీ వైఫై పాస్‌వర్డ్, నెట్ లాగిన్ అందులోనే ఉంటాయి.