నల్లరేగడిలో దిగబడుతున్న పాత సీజే-3బీ జీపు: లాకర్ వేయించాలా?

సిరోంచ రైతు:
మాది గడ్చిరోలి జిల్లా సిరోంచ పక్కన, ప్రాణహిత ఒడ్డున ఊరు. నాయన నడిపిన మహీంద్రా సీజే-3బీ ఇప్పుడు నా చేతిలో ఉంది. పెట్రోల్ ఇంజన్ తీసి డీజిల్ ఎప్పుడో వేశారు. మూడు గేర్ల టీ-90 బాక్సు, స్పైసర్ 18 ట్రాన్స్‌ఫర్ కేసు (బలాన్ని ముందు, వెనక యాక్సిళ్లకు పంచే పెట్టె), యాక్సిళ్లు మాత్రం పాతవే. వానాకాలం మిర్చి చేనుకు ఎరువు చేరాలంటే ఇదే దిక్కు.

మొన్న ఆరు బస్తాలతో వాగు దాటి గెట్టు ఎక్కుతుంటే దిగబడ్డది. ఫోర్‌వీల్ లీవరు, లో గేరు రెండూ వేశాను. వెనక కుడి చక్రం ఒక్కటే గిర్రున తిరిగింది, బురదంతా బస్తాల మీద పడింది. చివరికి ట్రాక్టర్ లాగింది. వెనక రెండు చక్రాలూ కలిసే తిరిగేలా పట్టి ఉంచే లాకర్ వేయించి, 6.00-16 టైర్లకు బదులు 7.50-16 వేద్దామనుకుంటున్నా. నాయన బండి, పాడు చేసుకోవద్దని టెన్షన్‌గా ఉంది. తెలిసినవాళ్లు చెప్పండి.

మంచిర్యాల మెకానిక్:
తమ్ముడూ, ఒక్క మాట చెప్పు. అప్పుడు ముందు చక్రాలు తిరిగినయా? నువ్వు రాసినదాన్ని బట్టి తిరగలేదు. లాకర్ సంగతి తర్వాత, ముందు అది చూడు.

వెనక చక్రాలు నేల మీదే ఉంచి అడ్డు పెట్టు. ముందు రెండు చక్రాలూ జాకీ మీద లేపు. ఇంజన్ ఆపి, గేరులో ఉంచి, ఫోర్‌వీల్ వెయ్. ముందు చక్రాలను షాఫ్ట్‌లకు కలిపే, విడదీసే ఫ్రీ వీలింగ్ హబ్‌లు రెండూ లాక్ చెయ్. ఇప్పుడు ఒక చక్రాన్ని చేత్తో తిప్పితే రెండోది ఎదురు దిక్కుకు తిరగాలి. తిరగకపోతే ఏదో ఒక హబ్ పట్టడం లేదు, లేదా లోపల షాఫ్ట్ తెగింది. రెండు చక్రాలకూ బలం పంచే గేర్ల పెట్టె డిఫరెన్షియల్. మామూలు డిఫరెన్షియల్‌లో ఒక పక్క ఖాళీగా తిరిగితే రెండో పక్కకూ బలం అందదు. అంటే ఒక్క హబ్ పోయినా నీ బండి టూ వీలే.

అంతా బాగుండి కూడా దిగబడితే అప్పుడు లాకర్. కానీ ఈ పాత డానా 44 వెనక యాక్సిల్‌లో హబ్, షాఫ్ట్ కొసన టేపర్ (సన్నబడుతూ పోయే భాగం) మీద కూర్చుంటుంది, జారకుండా ఆపేది కీ అనే చిన్న ఇనుప ముక్క. లాకర్ పడితే ఒక్కోసారి ఇంజన్ బలమంతా ఒకే షాఫ్ట్ మీద పడుతుంది. నట్టు వదులైతే కీ కోసుకుపోతుంది. నట్టు గట్టిగా బిగించి, టేపర్ అరిగిందేమో చూపించుకో.

ఇక టైర్లు. యాక్సిల్ లోపలి చిన్న గేరు పినియన్‌కు 8 పళ్లు, అది తిప్పే పెద్ద గేరు క్రౌన్‌కు 43 ఉంటే నిష్పత్తి 5.38. టీ-90 మొదటి గేరు 2.798, ట్రాన్స్‌ఫర్ కేసు లో గేరు 2.46. మూడూ గుణిస్తే ఇంజన్ 37 చుట్లకు చక్రం ఒక్క చుట్టు. 7.50-16 ఎత్తు సుమారు 3 అంగుళాలు ఎక్కువ, ఆ 37 కాస్తా 34 లెక్కకు వస్తుంది, అంటే లాగే బలం తగ్గుతుంది. రేగడిలో నీకు కావాల్సింది నెమ్మదిగా లాగడం. కాబట్టి ఆ సైజు వద్దు. అదే 6.00-16లో లోతు గ్రిప్ ఉన్న టైరు చూడు, చేను దారిలో గాలి కొంచెం తగ్గించు. తారు రోడ్డు ఎక్కితే ఫోర్‌వీల్ తీసెయ్, లేకుంటే షాఫ్ట్‌ల మీద ఒత్తిడి పడుతుంది.

రాయగడ నుంచి:
అన్నయ్యా, వాగు దాటావు కదా, ఓసారి ముందు, వెనక యాక్సిల్ హౌసింగ్‌ల (గేర్లుండే గూళ్ల) ఆయిల్ తీసి చూడు. పాలు పోసిన టీ రంగులో ఉంటే నీళ్లు పోయినట్టే. హౌసింగ్‌లో గాలి ఆడే బ్రీదర్‌కు రబ్బరు పైపు పెట్టి పైకి కట్టుకో. మా వైపు ఎర్రమట్టి కడిగితే పోతుంది. మీ రేగడి టైరు గాడుల్లో పట్టేస్తుంది, వెడల్పు గాడులున్నదే తీసుకో.

సిరోంచ రైతు:
అన్నా, ఇయ్యాల పొద్దున జాకీ పెట్టి చూశాను. ఎడమ చక్రం తిప్పితే కుడిది కదల్లేదు. కుడి హబ్ మూత విప్పితే పట్టే పళ్లు కొసలు అరిగి గుండ్రంగా ఉన్నాయి, లాక్ వేసినా జారిపోతోంది. నాయన పోయాక నేను దాన్ని ఒక్కసారి కూడా విప్పలేదు. రాయగడ తమ్ముడూ, వెనక హౌసింగ్ ఆయిల్ నువ్వు చెప్పిన రంగే. రేపు ఆ హబ్ తీసుకుని మంచిర్యాల వస్తున్నా. లాకర్ డబ్బులు పక్కన పెట్టాను.